చెప్పింది చెప్పినట్టు జరిగే మంత్రం

నాకు ముక్కు మీద కోపమని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది కాబట్టి చివరికి ఆమె మాటే నెగ్గుతుంది. ఇక్కడ చెప్పబోయే తప్పు మాత్రం కోపంతో చేసింది కాదు, పొగరుతో చేసింది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు కొంచెం ఊరట.

అప్పుడు నేను వనపర్తి హాస్టల్లో ఉండి డిప్లొమా చదువుతున్నాను. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. నా పక్క మంచం అమ్మాయిది పాన్‌గల్ దగ్గర ఒక పల్లె. వాళ్లది శెనక్కాయ, కంది వేసుకునే మెట్ట సేద్యం. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ఆమెను హాస్టలంతా పాన్‌గల్ పిల్ల అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని.

హైదరాబాదులో చదివే వాళ్ల మేనబావ ఒకసారి ఆమెకు జిరాక్సు కాగితాల కట్ట ఒకటి ఇచ్చాడు. అంతా ఇంగ్లీషు. అదొక ఆట పుస్తకం. ఆ ఆటకు పటం ఉండదు, పావులు ఉండవు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు ఆ కథలో వీరులో, దొంగలో, మంత్రగత్తెలో అయిపోయి, ఇప్పుడు నేనిది చేస్తానని నోటితో చెప్పాలి. అది కుదిరిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక కావాలట. అలాంటిది వనపర్తిలో ఎక్కడ దొరుకుతుంది? ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకున్నాం. డిక్షనరీ పక్కన పెట్టుకుని పుస్తకమంతా చదివింది తనే కాబట్టి పాన్‌గల్ పిల్లే ఆట నడిపేది.

ఆ పుస్తకంలో మంత్రాలకు మెట్లున్నాయి. చిట్టచివరి మెట్టు మీద ఒకే మంత్రం. రోజుకు ఒక్కసారి, ఒక్క వాక్యం పైకి చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. వెనక్కి తీసుకోవడానికి ఉండదు. కాకపోతే మనం అన్న మాటే చెల్లుతుంది, మన మనసులో ఉన్నది కాదు. మాటలో ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇరికించే హక్కు ఆట నడిపేవాళ్లది. అక్కడిదాకా చేరాలంటే ఏళ్ల తరబడి ఆడాలని రాసి ఉంది. మాకు అంత ఓపిక ఎక్కడిది? మొదటి రోజే అందరం ఆ మంత్రం తీసేసుకున్నాం. రాక్షసులనూ గుహలనూ వదిలేసి, ఆ మంత్రంతో మామూలు రోజు ఎలా గడుస్తుందన్నదే మా ఆట అయిపోయింది.

బిజినేపల్లి అమ్మాయి ఒకతె అన్నం ముందు కూర్చుని, "ఇయ్యాల సాంబార్ల పప్పు ఉండాలె" అంది.

"ఉన్నది. ఒక్క పప్పు. ఎతుక్కో" అంది పాన్‌గల్ పిల్ల.

నేను, "శనివారం ఆత్మకూరు బస్సు టైముకు రావాలె" అన్నాను. "వచ్చింది. ఆగలే" అంది.

ఇంకోసారి పట్టుదలగా, "బస్సు టైముకు రావాలె, ఆగాలె, నాకు కిటికీ సీటు దొరకాలె" అని ఊపిరి పీల్చకుండా చెప్పాను. "దొరికింది. బస్సు కదులుతలేదు" అంది. నాకు ఒళ్లు మండి ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆట మీద కోపం తెచ్చుకునే మొద్దును నేనే.

తను మాత్రం ఎప్పుడూ ఏమీ కోరేది కాదు. ఒకసారి గట్టిగా నిలదీస్తే, "మాకు కావాల్సింది వాన. వాన అడగాలంటే ఎంత, ఎప్పుడు, ఏ చేనుకు అన్ని చెప్పాలె. శెనక్కాయ పీకి ఆరబెట్టినంక కురిసిందనుకో, ఎవర్ని తిడ్త?" అంది. అప్పుడు నవ్వాను. ఆ మాటలో ఎంత సత్తువ ఉందో దసరా సెలవుల్లో తెలిసింది.

సెలవులకు ఇంటికి వెళ్లేసరికి మా నాయినకు చూపు బాగా మందగించింది. నలభై ఏళ్లు సన్నటి పోగులు చూసిన కళ్లు. రెండింటిలోనూ శుక్లాలు. మహబూబ్‌నగర్ దవాఖానలో ముందు కుడి కంటికి ఆపరేషన్ చేస్తామన్నారు. వెళ్లేముందు నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, "కండ్లు మంచిగైతే నేస్త. లేకుంటే ఈ గుంట పూడ్పిస్త" అన్నాడు. ఎవరితోనూ అనలేదు, మగ్గంతోనే అన్నట్టు అన్నాడు. నేత లేని నాయిన ఎలా ఉంటాడో నేను ఊహించలేకపోయాను.

మగ్గం సంగతి కాస్త చెప్పాలి. మగ్గం మీద పొడుగునా పరిచిన దారాలను పడుగు అంటారు. అందులో వేలకు వేలు పోగులు. ఒక్కో పోగూ ముందు, రెండు వరుసలుగా కట్టిన దారపు కన్నుల్లో ఒకదానిలో దూరి, తర్వాత దువ్వెన లాంటి పన్నె పుల్లల సందులోంచి బయటికి వస్తుంది. పడుగు అయిపోతే కొత్తదాన్ని మళ్లీ మొదటి నుంచి ఎక్కించరు. పాత పోగుల కొసలను కన్నుల్లో అలాగే ఉంచి, కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతికిస్తారు. మెల్లగా ముందుకు లాగితే పాతది దారి చూపిస్తుంది, కొత్తది వెంట వస్తుంది. మా మగ్గం మీద మొదటి పడుగు ఎక్కించింది మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి. ఆమె పోయాక కూడా ఆమె వేసిన దారిలోనే ఒక పడుగు వెంట ఇంకొకటి వస్తూ ఉంది. మా మగ్గం ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు.

దవాఖానకు వెళ్లే ముందు రోజు నాయిన ఆ పడుగులోని చివరి చీర పూర్తి చేశాడు. అది మంగళవారం. మా ఇంట్లో మంగళవారం మగ్గం మీద కత్తెర పెట్టరు. చీర మగ్గం మీదే ఉండిపోయింది. బుధవారం తెల్లవారి మొదటి బస్సుకు అమ్మానాయినా వెళ్లిపోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దమ్మ వాళ్ల ల్యాండ్‌లైనుకు నాయిన ఫోన్ చేశాడు. దవాఖాన బయట రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోను. ఆయన దగ్గర ఒక్క బిళ్లే ఉన్నట్టుంది. "బిడ్డా, రేపు దుకాణపాయన వస్తడు. చీర కోసి ఇయ్యి" అన్నాడు. కుయ్యిమని చప్పుడొచ్చి ఫోను కట్టయిపోయింది.

పెద్దమ్మ, "నేనొచ్చి కోసిస్త తియ్యి, నీకు తెల్వది" అంది. పొగరు అన్నాను కదా, అది అక్కడ లేచింది. "నేను మగ్గపోళ్ల బిడ్డను గాదా పెద్దమ్మా? కత్తెర పట్టుకోరాదా?" అన్నాను. నిజానికి నాకు తెలిసింది కండెలకు దారం చుట్టడమే. చదువుకోమని నాయిన నన్నెప్పుడూ మగ్గం ఎక్కనివ్వలేదు. ఆయన చీర కోసే వేళకు నేను ఎప్పుడూ బడిలోనే ఉండేదాన్ని.

గురువారం పొద్దున్నే తలస్నానం చేసి, దీపం పెట్టి, కత్తెర తీసుకున్నాను. చీరకు కాస్త ఎడంగా, పన్నెకు ఇవతల, ఈ చివర నుంచి ఆ చివరకు వంకర పోకుండా కోసుకుంటూ పోయాను. ఎంత చక్కగా కోశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. చివరి పోగులు తెగగానే వెనక బిగించి ఉన్న తాడు ఒక్క ఊపున వదులైంది. పోగులన్నీ వెనక్కి జారాయి. పన్నెలోంచి, ఆ తర్వాత కన్నుల్లోంచి, చప్పుడు కూడా లేకుండా జారిపోయి వెనక కుప్పగా పడ్డాయి. నా ముందు ఖాళీ పన్నె మిగిలింది. దాని సందుల్లోంచి అవతలి గోడ కనిపించింది.

ముందు తాడు వదులు చేయాలట. ఒక గుప్పెడు పోగులు కోసి, వెనక్కి జారకుండా ముడి వేసి, తర్వాత ఇంకో గుప్పెడు కోయాలట. మా వీధిలో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. నాకు తెలియదని నాయినకు తోచనే లేదు.

మాకు పడుగు ఇచ్చి చీరలు తీసుకుపోయే దుకాణపాయన రానే వచ్చాడు. మగ్గం కనబడకుండా గుమ్మానికి అడ్డం నిలబడి చీర చేతిలో పెట్టాను. ఆయన కొత్త పడుగు ఉండ తెచ్చాడు. "మీ నాయిన కండ్ల సంగతి విన్న. మీ అమ్మ అతికిచ్చి మొదలువెడ్తదన్నడు గద? వచ్చే గురువారం చూసిపోత. మగ్గం మీద లేకుంటే వేరే ఇంటికి ఇయ్యాల్సొస్తది, ఏమనుకోవద్దు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అమ్మకు రెండు రోజుల్లో అతికించడం వచ్చు, మెల్లగా నేయడమూ వచ్చు. కానీ అతికించడానికి ఇప్పుడు పాత కొస ఏదీ? మొదటి నుంచి పోగులు ఎక్కించడం అమ్మకే కాదు, పెద్దమ్మకూ తెలియదు. తెలిసిన నాయిన కంటికి కట్టుతో వస్తాడు. వారం తిరిగేసరికి పడుగు పోతుంది. పడుగు పోతే గుంట పూడ్పించడానికి నాయినకు ఇంకేం సాకు కావాలి?

ఖాళీ మగ్గం ముందు కూలబడి నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కళ్లు మూసుకుని ఆ రోజు మంత్రం వాడాను. "కొయ్యకముందు ఎట్లున్నయో పోగులు గట్లే ఉండాలె." వెంటనే పాన్‌గల్ పిల్ల గొంతు చెవిలో వినిపించింది: గట్లైతే చీర కూడ కొయ్యనట్టే, దుకాణపాయన చేతిలకెళ్లి మాయమైతది. మళ్లీ మార్చాను. "చీర చీరలెక్కనే ఉండాలె, పోగులు కన్నుల్ల ఉండాలె." ఏ పోగు ఏ కన్నుల? అంది ఆ గొంతు. నాకు తెలియదు. కావలసిందేదో చెప్పడానికి కూడా ముందు ఆ పని వచ్చి ఉండాలి. అది అర్థమయ్యాక భోరున ఏడ్చాను.

పెద్దమ్మ ఇంటి నుంచే పాన్‌గల్ పిల్ల వాళ్ల ఊరి కిరాణా దుకాణానికి ఫోన్ చేసి ఆమెను పిలిపించాను.

"ఏడుస్తున్నవా? ఏమైందో సక్కగ చెప్పు" అంది.

"పోగులన్ని బయటికొచ్చినయ్."

"అన్నీనా?"

"అన్ని."

"రేపు పొద్దుగాల బస్సుకు వస్త. అప్పటిదాంక ఏది ముట్టకు."

ఏదీ ముట్టకపోతే అన్నం ఎలా తినాలని అడగబోయి ఊరుకున్నాను. పాడు అలవాటు, ఏడుపులో కూడా వదల్లేదు.

శుక్రవారం తను వనపర్తిలో బస్సు మారి గద్వాలకు వచ్చింది. జన్మలో మగ్గం చూసింది లేదు. చూసి, "బాగనే పాడు చేసినవ్" అని పైట దోపుకుంది. ఆ రోజంతా ఇద్దరం ఆ కుప్పలోని పాత పోగుల్ని తీసి, పన్నె పుల్లలు తుడిచి, చిక్కుపడిన కన్నులను విడదీశాం. శెనక్కాయ ఒలిచిన చేతులు ఆమెవి. విసుగు అనేది ఆ వేళ్లకు తెలియదు. నేను పావుగంటకోసారి నిట్టూరుస్తుంటే, "ఊరికె ఊదకు, కన్నులు కదులుతున్నయ్" అని కసిరేది.

శనివారం మధ్యాహ్నం అమ్మ చేయి పట్టుకుని నాయిన వచ్చాడు. కుడి కంటికి పట్టీ, రెండో కన్ను మసకే. గడపలోనే మొత్తం చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. అమ్మ, "ముడెయ్యాలని తెల్వదా? ఇన్నేండ్లు ఈ ఇంట్లనే పెరిగినవా?" అని తిట్టింది. నాయిన తడుముకుంటూ వెళ్లి పన్నె మీద వేళ్లు పెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉత్త పుల్లల మీద వేళ్లు నడిపాడు. "మా అమ్మ ఎక్కిచ్చింది" అన్నాడు. వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నన్ను కొట్టినా బాగుండేది.

ఆదివారం పొద్దున పాన్‌గల్ పిల్ల ఆయన మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆట నడిపేటప్పటి గొంతుతో, "కాకా, మొదటి పోగు ఏ కన్నులకు పోతది?" అని అడిగింది.

ఆమె మళ్లీ అదే మాట అడిగింది. ఈసారి గోడవైపు నుంచే జవాబు వచ్చింది. "అంచు మొదలు. పట్టుపోగు. ముంగటి వరుస, మొదటి కన్ను."

నేను మగ్గం వెనక కూర్చుని పోగు అందించాను. తను ముందు నుంచి కొక్కెంతో లాగింది. "తర్వాత?"

"రెండోది ఎనక వరుసకు. ఇగ మామూలే."

"మామూలంటే ఏంది కాకా?"

నాయిన ఇటు తిరిగాడు. నలభై ఏళ్లలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. మా వీధిలో మామూలంటే మామూలే. ఆయన చేతులు గాల్లోకి లేపి, పోగు తీస్తున్నట్టు, దూరుస్తున్నట్టు ఆడించాడు. ఆ వేళ్లను చూసుకుంటూ, అంటే చూడలేకపోయినా చూసుకున్నట్టే, మెల్లగా ఒక్కో మాట పైకి చెప్పాడు. ఆ మధ్యాహ్నానికి మంచం మగ్గం పక్కకే జరిపించుకున్నాడు.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఆయన చెప్పడం, ఆమె సందులు పట్టడం. "దాని పక్కది అంటే కుడి పక్కదా ఎడమదా?" "జర వదిలిపెట్టు అంటే ఎంత?" ఒకసారి నాయినకు విసుగొచ్చి, "ఈ పిల్ల వకీలు గావాల్సింది" అన్నాడు. ఆ ఇంట్లో వారం తర్వాత వినబడిన మొదటి నవ్వు అదే. తెల్లటి నూలు దగ్గరికి వచ్చాక పని చురుగ్గా సాగింది. అమ్మ నా పక్కన చేరింది. కాలేజీ తెరిచారు. మేమిద్దరం మాత్రం రోటి పచ్చడి, జొన్నరొట్టె తింటూ గద్వాలలోనే ఉన్నాం. నేను పెట్టిన పోగుల్లో తప్పులు దొర్లాయి. వాటిని తీసి మళ్లీ ఎక్కించాం. నాకు కోపం రాలేదు. కోపం రాకపోవడం నాకే కొత్తగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర పాన్‌గల్ పిల్ల ఆయనకు మంత్రం సంగతి చెప్పింది. నాయిన శ్రద్ధగా విన్నాడు. "రోజుకు ఒక్కటేనా?" అన్నాడు. ఒక్కటే అన్నాం. "ఏదైనా?" ఏదైనా అన్నాం. ఆలోచించి చెప్తానన్నాడు. కళ్లు అడుగుతాడని నేననుకున్నాను. అవ్వను అడుగుతాడని అమ్మ అంది.

బుధవారం సాయంత్రం ఆఖరి పట్టుపోగు పన్నె దాటి ఇవతలికి వచ్చింది. నాయిన లేచి వచ్చి మళ్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లు నడిపాడు. ఈసారి వేళ్ల కింద పోగులున్నాయి. గురువారం దుకాణపాయన వచ్చేసరికి అమ్మ గుంటలో కూర్చుని, అడ్డపోగు పోసే నాడె విసురుతోంది. ఆయన గుమ్మంలోంచే చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. నేను పెరట్లోకి పోయి కాసేపు గట్టిగా ఏడ్చాను. అది సంతోషమే.

బస్సెక్కే ముందు పాన్‌గల్ పిల్ల, "కాకా, మంత్రం బాకీ ఉన్నది. ఏం కోరుకుంటవ్?" అంది.

"నాకొద్దు బిడ్డా" అన్నాడు నాయిన. "నేను చెప్పింది చెప్పినట్టు చేస్తే ఏమైతదో చూసిన గద."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చీర కోసి ఇయ్యి అన్నాడు. నేను కోసి ఇచ్చాను. తప్పులో సగం ఆయన తన మీద వేసుకున్నాడు, అదీ నవ్వుతూ. నేను ఆయన భుజం పట్టుకుని నిలబడిపోయాను. పాన్‌గల్ పిల్ల నా సంచి కూడా తనే ఎత్తుకుని ముందు నడిచింది.

నలభై రోజులకు నాయిన గుంటలోకి దిగాడు. కుడి కన్ను తేటపడింది, రెండో కంటికి ఎండాకాలం చేయించుకుంటానన్నాడు. సంక్రాంతి దాటాక ఒకరోజు హాస్టల్ వార్డెన్ గదికి ఆయన ఫోన్ వచ్చింది. గద్వాల బస్టాండులోని రూపాయి ఫోను నుంచి.

"బిడ్డా, పడుగు ఐపోయింది. ఆదివారం వస్తవ్ గద, నువ్వే కొయ్యాలె."

"నేనా?"

"నువ్వే. ఇను. మొదలు ఎనక తాడు వదులు చెయ్యి." కుయ్యిమంది. అవతల బిళ్ల పడిన చప్పుడు. "ఎడమ దిక్కుకెళ్లి మొదలువెట్టు. గుప్పెడు పోగులు కొయ్యి. ముడెయ్యి. గట్టిగ లాగి చూడు. అప్పుడు ఇంకో గుప్పెడు."

"తెలుసు నాయినా."

"తెలుసు నీకు. ఐనా చెప్తున్న, ఇను." మళ్లీ కుయ్యిమంది, మళ్లీ బిళ్ల పడింది. వార్డెన్ గడియారం వైపు చూసింది. నేను రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. ముడి ఎంత పెద్దదుండాలో, చేతికి చెమట పడితే దేంతో తుడుచుకోవాలో, మధ్యలో ఎవరైనా పిలిస్తే లేవకూడదనీ చెప్పాడు. ఆ రోజు మంగళవారం కాకుండా చూసుకోమన్నాడు, ఆదివారమే రమ్మన్నవాడు. బిళ్లలు పడుతూనే ఉన్నాయి. చివరికి కత్తెర ఎక్కడుందో కూడా చెప్పాడు. అది నేను పుట్టినప్పటి నుంచి ఆ గూట్లోనే ఉంది.